చెంచా పడే చప్పుడు

పక్కింటోడి చెవులంత చెవులు ఈ భూమ్మీద ఇంకొకడికి లేవు. పొగుడుతున్నాననుకునేరు, తగ్గించే చెబుతున్నాను. బస్సు డిపోలో ఈ కొస షెడ్డులో కూచుని, ఆ కొస షెడ్డులో చీమ తుమ్మితే, దానికి జలుబు చేసిందో ముక్కులో దుమ్ము పోయిందో తేల్చి చెప్పేవాడు. బస్సు ఇంకా వీధి మలుపు తిరగకముందే దాని కడుపులో ఏ బోల్టు వదులైందో కనిపెట్టి, డ్రైవరు కిందికి దిగేసరికి స్పానరు పట్టుకుని ఎదురుగా నిలబడేవాడు. అంతటి చెవులున్న మనిషి, ఇవాళ మధ్యాహ్నం, ఒక టీవీ స్టూడియోలో, ఒక దొంగ వంటింటి తలుపు వెనక, ఇస్త్రీ చొక్కా నలగకుండా చేతులు ఒంటికి ఎడంగా పెట్టుకుని, అవతల ఒక చెంచా నేల మీద పడే చప్పుడు కోసం కాచుకుని ఉన్నాడు.

చెంచా పడగానే తలుపు తోసుకుని వచ్చెయ్యండి అంకుల్, అప్పటిదాకా దగ్గినా తుమ్మినా మైకులు పట్టేస్తాయి, అని చెవికి ఏదో తగిలించుకున్న అమ్మాయి చెప్పేసి చీకట్లో కలిసిపోయింది. ఎవరికి చెబుతోంది, పాలపళ్ళు ఊడకముందు నుంచీ, టీవీ నాటకంలో పక్కింటోడి వేషం వేస్తూ నిలబడ్డ చోటు ఇది. అప్పటి తలుపు కాదనుకోండి, అది ఏ పొయ్యిలోకి పోయిందో ఎవరికి తెలుసు, ఇవాళ ఆ నాటకం వాళ్ళందరినీ మళ్ళీ కలిపే కార్యక్రమం కోసం పాత ఫొటోలు చూసి అచ్చం అలాగే కొత్తది కట్టారట. ముందు వైపు లేత ఆకుపచ్చ రంగు, గాజు గుబ్బ, పూల తెర, వెనక వైపు అలాంటిదే ఇంకో గుబ్బ, పచ్చి ప్లైవుడ్డు, మేకుల మొనలు, పడిపోకుండా కాళ్ళ దగ్గర ఇసక మూటలు. తలుపు మారినా వెనక వైపు మాత్రం ఏమీ మారలేదు, అదే జిగురు వాసన. ఇల్లు అన్న మాట వింటే ఇప్పటికీ అతని ముక్కుకి మొదట తగిలేది జిగురు వాసనే. పెళ్ళైన కొత్తలో భార్యతో ఆ మాట అంటే, మీ అమ్మగారు మిమ్మల్ని వడ్రంగి షాపులో కన్నారా ఏమిటి, అంది. ఇవాళ పొద్దున చొక్కా ఇస్త్రీ చేస్తూ కూడా ఏదో అంది, ఏమంది, ఆ, "చూసి రండి గానీ, మరీ ఆశపడకండి. వాళ్ళు మిమ్మల్ని పిలిచింది తలుపు తియ్యడానికి" అంది. అతను వెళ్తున్నది తలుపు తియ్యడానికీ కాదు, టీవీలో కనపడడానికీ కాదు. ఒక్క మాట చెప్పాలి, బస్సెక్కినప్పటి నుంచీ పెదాలు కదపకుండా ఆ మాటే నెమరేసుకుంటున్నాడు, ఆ రోజు నాకు వినపడలేదురా బుజ్జీ, నీ సీను చెడగొట్టాను, ఏమనుకోకు. అంతే. ఒక జన్మంతా మోసిన మాట ఇంత చిన్నదా అని అతనికే నవ్వొచ్చింది, పక్క సీట్లో ముసలావిడ అనుమానంగా సంచీ ఒళ్ళోకి తీసుకుంది.

తలుపుకీ గోడకీ మధ్య ఒక సందు ఉంది. పాత తలుపుకీ ఉండేది, అందులోంచి ఒక కన్నుకి సరిపడా ఇల్లు కనపడేది, ఇప్పుడూ అంతే కనపడుతోంది: వంటింటి గట్టు కొస, పళ్ళ బుట్ట, ఆ వెనక భోజనాల బల్ల, బల్లకి ఇవతల ఒక భుజం. ఆ భుజం, నాటకంలో ఆ ఇంటి కొడుకు బుజ్జిది అయ్యుంటుంది, బాగా వెడల్పైంది. పళ్ళ బుట్టలో మైనం పళ్ళు, వాటిల్లో ఒక ఆపిల్. ఆ ఆపిల్‌ని చూసి అతను నాలుక పళ్ళ వెనక తిప్పుకున్నాడు, ఎందుకంటే దాని మీద, ఇతని వైపు తిరిగిన పక్కన, చిన్న పిల్లాడి పంటి గాట్లున్నాయి. అవి ఇతనివే. మొదటి రోజున అది నిజం ఆపిల్ అనుకుని కొరికేశాడు, నోటినిండా మైనం, సామాన్ల మేస్త్రీ నెత్తి మీద చేతులు పెట్టుకుని, ఒరేయ్ ఇది తినేది కాదురా, చూసేది, ఈ ఇంట్లో అన్నీ చూసేవేరా, అని లబలబలాడాడు. నాటకంలో అమ్మ వేషం వేసే ఆవిడ, అతని లెక్కలో టీవీ అమ్మ, మాత్రం ఆ పండుని తీసి గాట్లు తలుపు వైపుకి తిప్పి పెట్టి, పోన్లెండి, ఇది వాడి ఆపిల్, ఇక్కడే ఉంటుంది, అంది. అప్పటి నుంచీ తలుపు వెనక నిలబడినప్పుడల్లా చూసుకునేవాడు. ముందు కూచుని నవ్వే జనానికి తెలియదు, కెమెరాలకి తెలియదు, తలుపు వెనక నిలబడేవాడికి తప్ప ఎవరికీ కనపడని గాట్లు. ఉంచారన్నమాట. ఇన్నాళ్ళూ ఎక్కడ దాచారో గానీ ఉంచారు.

ఆ నాటకం వచ్చే వేళకి వీధుల్లో కుక్కలు కూడా ఏదో ఒక ఇంట్లో దూరి టీవీ ముందు కూచునేవని చెబుతారు, అది నిజమే, నేను చూశాను. ఒక నాన్న, ఒక అమ్మ, ఒక కొడుకు బుజ్జి, తలుపు కొట్టకుండా వంటింట్లోంచి దూరిపోయే పక్కింటి పిల్లాడు, అంతే, కథంటూ పెద్దగా ఏమీ ఉండదు, నాన్న చెప్పులు కనపడవు, అమ్మ కేకలేస్తుంది, ఇంతలో పక్కింటోడొచ్చి ఆ చెప్పులు వేసుకుని నిలబడతాడు, జనం పొట్ట పట్టుకుంటారు. నాన్న వేషం వేసినాయన పోయి చాలా కాలమైంది, ఆయన భలే మనిషి, ఏ పిల్లాడి పేరూ గుర్తుండక అందరినీ హీరో అనేవాడు. భోజనాల బల్లకి మూడు వైపులే కుర్చీలు. నాలుగో వైపు ఎవరు కూచుంటారని అతను అడిగితే, అక్కడ జనం కూచుంటార్రా, ఊళ్ళో అందరూ, అని బుజ్జి చెప్పాడు. మూడు కుర్చీల్లో ముగ్గురు, పక్కింటోడికి మూల మీద ఒక స్టూలు, సగం వీపు కెమెరాకి. దానికి ఒక కాలు పొట్టి, కూచుంటే టకటకమనేది, ఆ టకటక ఆపడానికి టీవీ అమ్మ ఎవరికీ కనపడకుండా బల్ల కింద నుంచి తన పాదంతో ఆ కాలుని నొక్కి పట్టేది. అది నాటకంలో లేదు. అది ఎవరూ రాయలేదు. అతని సొంత ఇంట్లో తండ్రి రాత్రంతా గోడౌన్ కాపలా కాసి పొద్దున్నే పడుకునేవాడు, తల్లి ఫొటోలో ఉండేది, తిన్నావా అని అడిగే దిక్కు లేదు, ఇక్కడ స్టూడియో దీపాల వెలుగులో ఒక ఆవిడ తువ్వాలు అంచుతో మూతి తుడిచి, మళ్ళీ వచ్చాడమ్మా వీడు, ఆ పళ్ళెం ఇలా తే, అనేది, జనం నవ్వేవాళ్ళు, ఆ నవ్వు అతనికి దుప్పటిలా ఉండేది. అది అబద్ధపు మూతి తుడవడం అని ఎవరైనా చెబితే ఏమనేవాడో. మూతి మాత్రం నిజమైందే కదా.

చెంచా సంగతి అతనూ బుజ్జీ కలిసి కనిపెట్టింది. తలుపు వెనక ఒక ఎర్ర బల్బు ఉండాలి, అది వెలగగానే లోపలికి రావాలి, అది ఒకసారి మాడిపోతే మళ్ళీ ఎవరూ మార్చలేదు, రేపు రేపు అనేవాళ్ళు. నువ్వు బెంగపడకు, నేను చెంచా కింద పడేస్తా, నువ్వొచ్చెయ్, అన్నాడు బుజ్జి. ఇద్దరూ బల్ల కింద దూరి, ఎంత ఎత్తు నుంచి పడితే ఎంత చప్పుడొస్తుందో ఒక సాయంత్రమంతా పడేసి పడేసి చూసుకున్నారు. దాంతో బుజ్జి ప్రతి వారం చెంచా పడేసుకోవడం, అమ్మ "అవి చేతులా జల్లెడలా" అనడం, అదొక హాస్యమైపోయింది, ఆ నవ్వులోంచి తలుపు తెరుచుకునేది, పక్కింటోడు వచ్చి చెంచా ఏరి, చొక్కాకి తుడిచి, దాంతోనే బుజ్జి పళ్ళెంలోంచి తినేసేవాడు, ఇంకా పెద్ద నవ్వు. దేశంలో పిల్లలందరూ చెంచాలు పడేసి తన్నులు తిన్నారు. అదొక పిలుపు అని ఇద్దరికే తెలుసు. అంటే, ఇద్దరికేనని అతను అనుకున్నాడు.

ఆ రోజు చెంచా పడలేదు, లేదా పడింది, ఆ రెంటి మధ్యా అతను ఒక బతుకు బతికాడు. ముందు జనం కూచుని ఉన్నారు, జనం ఉంటే కెమెరాలు మధ్యలో ఆగవు, తప్పైనా ఒప్పైనా సీను సాగిపోవలసిందే. అతను కళ్ళు మూసుకుని నిలబడ్డాడు, కళ్ళు మూసుకుంటే చెవులు పెద్దవవుతాయని అతని లెక్క. మాటలు వినపడుతున్నాయి, గిన్నెలు, నాన్న దగ్గు, నవ్వు, మళ్ళీ మాటలు, చెంచా మాత్రం లేదు, చేతిలో గాజు గుబ్బ తడిసిపోతోంది, చొక్కా కాలరు కుడుతోంది, ఇంకా లేదు, ఇంతలో బుజ్జి గొంతు, "పక్కింటోడు ఏడమ్మా?" అని, మళ్ళీ వాడే, "నిద్రపోయుంటాడు, వాడికి నిద్రెక్కువ" అని, ఇల్లు కూలేంత నవ్వు. తలుపు అటు నుంచి ఎవరో లాగేశారు. వెలుగు. కళ్ళు మూసుకున్న పిల్లాడు, గుబ్బ పట్టుకున్నట్టే చెయ్యి గాల్లో ఉంచి. అందరూ చూశారు, నిద్రపోయాడని అందరి కళ్ళతోనూ చూశారు, అతను వాళ్ళ కళ్ళల్లో చూసి తనూ నమ్మాడు. డైరెక్టరు ఏమీ తిట్టలేదు, అందుకే భయమేసింది. తండ్రి మాత్రం ఇంటికెళ్ళాక చెవి మెలిపెట్టి, చెవుల్లో ఏం పెట్టుకున్నావురా, అన్నాడు. ఆ తర్వాతి వారం నాటకాన్ని అతను ఎదురింటి వాళ్ళ కిటికీలోంచి చూశాడు. పక్కింటివాళ్ళు ఇల్లు మారిపోయారట్రా, అంది టీవీ అమ్మ. "అవునా," అన్నాడు బుజ్జి, "ఇంకొంచెం వెయ్యమ్మా." జనం నవ్వారు. స్టూలు కూడా తీసేశారు.

ఇక్కడ ఒక మాట. మొదట్లో చెవుల గురించి చెప్పానే, అందులో చీమని తీసెయ్యండి. మలుపు తిరగని బస్సునీ తీసెయ్యండి. ఎడమ చెవి కంప్రెసరు పేలినప్పుడు పోయింది, కుడిది వానాకాలంలో సమ్మె చేస్తుంది, భార్య ఉప్పు తెమ్మంటే దుప్పటి తెస్తాడు. ముందే ఇది చెబితే మీరు ఇంత దూరం వచ్చేవారా. డిపోలో అతను చేసేదల్లా అందరు మెకానిక్కులూ చేసేదే, పొడుగాటి స్క్రూడ్రైవరు కొస ఇంజిను మీద ఆనించి, పిడి చెవి దగ్గర ఎముకకి నొక్కి పెట్టి వింటాడు. ఒక్కటే తేడా, వింటున్నంతసేపూ కళ్ళు రెండూ ఇంతింత చేసుకుని, రెప్ప వెయ్యకుండా, నీళ్ళు కారుతున్నా సరే. అన్నా, అది ఇంజిను, పెళ్ళికూతురు కాదు, అని కుర్రాళ్ళు ఏడిపిస్తారు. ఎందుకని ఎవరూ అడగలేదు, అడిగినా చెప్పడు.

ఇప్పుడూ కళ్ళు తెరుచుకునే ఉన్నాడు. కుడి చెవి ప్లైవుడ్డుకి ఆనించాడు, చెక్కలోంచి మాట బాగానే వస్తోంది. యాంకరమ్మ గలగలమంటోంది, నాన్నగారిని తలుచుకున్నారు, చప్పట్లు, టీవీ అమ్మ గొంతు సన్నబడింది, కానీ మాట విరుపు అదే, ఆ గొంతు వినగానే మూతి దగ్గర చర్మం తువ్వాలు కోసం చూసినట్టు ఒకలా అయింది, ఎంత సిగ్గుచేటు, మనవడు పుట్టే వయసులో. ఎదురుగా గాట్ల ఆపిల్. బాగుంది, అన్నీ ఉన్నాయి, చెంచా పడుతుంది, వెళ్తాను, నవ్వుతారు, నవ్వు అయ్యాక వాడి చెవిలో, ఆ రోజు నాకు వినపడలేదురా,

"అసలు ఆ చెంచా కథేంటి సార్?" అని అడిగింది యాంకరమ్మ.

బుజ్జి చెప్పాడు. బల్బు మాడిపోయిన సంగతి, బల్ల కింద దూరిన సంగతి, అన్నీ, వాడి గొంతు ఎంత చక్కగా ఆడుతుందో, జనం ఊ కొడుతున్నారు. తలుపు వెనక మనిషి కూడా మురిసిపోయి ఊ కొట్టాడు, నోట్లోనే. "తర్వాత ఏమైందంటే," అన్నాడు బుజ్జి, "వాడొస్తే నవ్వు ఎక్కువొస్తోందమ్మా. నేను ఎంత పల్టీలు కొట్టినా అంతే, వాడు ఊరికే తలుపు తీస్తే చాలు. నాకు ఒళ్ళు మండిపోయింది. ఒక రోజు చెంచా పడెయ్యలేదు." జనం, అయ్యో. "పడెయ్యలేదు. పిడికిట్లో పట్టుకుని కూచున్నా. వాడేమో తలుపు వెనక, రేషను క్యూలో నిలబడ్డట్టు, పాపం, నిలబడే ఉన్నాడు. నిద్రపోయాడని నేనే అన్నా. సీను అదిరిపోయింది. అప్పుడే అనుకున్నా, నాకు టైమింగు ఉందని." నవ్వు, చప్పట్లు, ఒకాయన ఈల కూడా వేశాడు.

పడలేదు. చెంచా పడలేదు. అంటే నిద్రపోలేదు. ఇంత చిన్న సంగతి, ఇందులోంచి సంతోషం రావాలి కదా, రావడం లేదేం, నిద్రపోలేదు నేను, కళ్ళు మూసుకున్నానంతే, నాన్నకి చెప్పాలి, నాన్న ఎక్కడున్నాడు చెప్పడానికి, మెలిపెట్టిన చెవి, అదే పోయిన చెవి, ఎన్ని ఇంజిన్లు, ఎన్ని వేల సార్లు రెప్ప వెయ్యకుండా, బల్ల కింద వాడి మోకాలు నా మోకాలుకి తగులుతూ, ఒరేయ్ ఈ ఎత్తు నుంచైతే బాగా వినపడుతుంది చూడు, నవ్వుతున్నారు, ఇంకా నవ్వుతున్నారు, సరే, పిల్లాడు, వాడూ పిల్లాడే, చిన్నతనం, వాడికి అసూయ, పిల్లలకి ఉంటుంది, నేను వాడి పళ్ళెంలో తినలేదా, వాడి అమ్మతో మూతి తుడిపించుకోలేదా, సరే అనుకుందాం, అనుకోగలను, ఆవిడకి తెలియదు కదా, ఆవిడ ఉంది కదా.

"మరి మీకు తెలుసా అమ్మా?" అంది యాంకరమ్మ.

"తెలియకేమే. పక్క కుర్చీలోనే కూచున్నానుగా. చెంచా పట్టుకుని పిల్లాడి పిడికిలి తెల్లబడిపోయింది."

"మరి ఎవరికీ చెప్పలేదేం?"

"ఎలా చెబుతానే," అంది టీవీ అమ్మ, నవ్వుతూ, చాలా తియ్యగా, "నా కొడుకు వాడు కదా."

జనం ఆహా అన్నారు. చప్పట్లు చాలాసేపు మోగాయి, వానలాగా. అతను తలుపుకి ఆనించిన చెవి తీశాడు. స్టూలు కాలు మీద పాదం. అది ఎవరూ రాయలేదు అనుకున్నాడు కదా, నాటకంలో లేదు అనుకున్నాడు కదా, టకటక వినపడితే మైకులు పట్టేస్తాయి, అంతే అయ్యుండొచ్చు, మైకుల కోసం. ఒక పాదం. దాని మీద ఎంత పెద్ద ఇల్లు కట్టుకున్నాను. సందులోంచి చూశాడు, ఆవిడ కనపడదు ఇక్కడి నుంచి, ఎప్పుడూ కనపడేది కాదు, భుజం మాత్రం కదులుతోంది, నవ్వుతోంది భుజం. వెళ్ళిపోదామా. వెనక ఇసక మూటలు దాటితే చీకటి, చీకటి దాటితే ఇనప తలుపు, అది దాటితే ఎండ, బస్టాపు, ఇల్లు. వెళ్ళిపోతే మళ్ళీ నిద్రపోయాడంటారు. అది మాత్రం వీల్లేదు.

చెంచా పడింది.

కొత్త స్టీలు చెంచా, ఎంత బాగా మోగిందో, బల్ల కింద ఆ సాయంత్రం వాళ్ళు తేల్చుకున్న ఎత్తు నుంచే పడింది, అలా పడితేనే రెండోసారి ఎగిరి మళ్ళీ మోగుతుంది. అతని చెయ్యి గుబ్బ మీదికి దానంతట అదే వెళ్ళింది, కాళ్ళు అతన్ని అడగనే లేదు. తలుపు తెరుచుకుంది, వెలుగు మొహాన కొట్టింది, జనం లేచి నిలబడ్డారు, "మళ్ళీ వచ్చాడమ్మా వీడు" అంది ఆవిడ, అంత సన్నని గొంతుతో అంత పాత మాట, బుజ్జి చేతులు చాచాడు. బల్లకి మూడు వైపులా కుర్చీలు, నాన్న కుర్చీ ఖాళీ, మూల మీద స్టూలు లేదు. నిలబడి వెళ్ళిపోయేవాడికి స్టూలు ఎందుకనుకున్నారేమో. అతను వంగి చెంచా తీశాడు. చొక్కాకి తుడిచాడు, పొద్దున్న ఇస్త్రీ చేసిన చొక్కాకి, ఒక పక్క, ఇంకో పక్క. జనం నవ్వు నోట్లో పట్టుకుని చూస్తున్నారు, ఇప్పుడు పళ్ళెంలో పెడతాడని. బుజ్జి తన పళ్ళెం ముందుకి తోశాడు, వాడికి టైమింగు ఉంది.

"కూచోరా, భోంచేసి పో," అంది టీవీ అమ్మ.

"వద్దండి," అన్నాడు అతను. ఆవిణ్ణి అండి అనడం అదే మొదటిసారి. "మా ఇంట్లో వండారు."

చెంచాని చొక్కా జేబులో పెట్టుకుని, వచ్చిన తలుపులోంచే వెళ్ళిపోయాడు. ఆ తర్వాత వచ్చింది నవ్వు, బుజ్జి బతుకులో ఎప్పుడూ తెప్పించలేని నవ్వు, ప్లైవుడ్డు గోడలు వణికాయి, ఇసక మూటల మధ్య అడుగులేస్తున్న మనిషి వీపుకి తగిలింది. అతను ఆగలేదు. బస్సులో కుదుపు వచ్చినప్పుడల్లా జేబులో చెంచా ఇంటి తాళంచెవికి తగిలి మోగుతూనే ఉంది, ఆ సంగతి అతనే నాకు చెప్పాడు, చెంచా కూడా చూపించాడు, కాబట్టి నమ్మొచ్చు.

నేను కల్పించింది ఒక్కటే. చిన్నప్పుడు మైనం ఆపిల్ కొరికింది నిజం, ఆవిడ దాన్ని తలుపు వైపుకి తిప్పి పెట్టిందీ నిజం. కానీ ఈ కొత్త వంటింట్లో, ఆ పళ్ళ బుట్టలో ఉన్నది కొత్త ఆపిల్. సందులోంచి అతను చూసినంతసేపూ అది నున్నగా, తళతళలాడుతూ ఉంది. గాట్లు నేను పెట్టాను.